స్వరపేటికను సొంత మెడ మీద నేర్చుకోవడం ఎలా

వైద్యవిద్య మొదటి సంవత్సరం మౌఖిక పరీక్షలో పరీక్షాధికారి నా ముందు ఒక పింగాణీ పళ్లెం పెట్టారు. అందులో ఫార్మలిన్ (శవాలు చెడిపోకుండా వాడే ద్రవం) వాసన కొడుతున్న స్వరపేటిక, అంటే మెడలో మాట పుట్టే పెట్టె, ఉంది. దాని కండరాల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆయన అంతా విని, "ఇప్పుడు ఒకసారి ఊపిరి పీల్చమ్మా" అన్నారు. పీల్చాను. "నువ్వు చెప్పిన కండరాల్లో ఇప్పుడు పనిచేసింది ఏది?" అని అడిగారు. నేను పళ్లెం వైపు చూశాను. జవాబు అందులోనూ లేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా శరీర నిర్మాణ శాస్త్రం బోధించాను. ఏటా నాలాంటి పిల్లలే వచ్చేవారు. పేర్లు నోటికొచ్చు, కదలిక తెలియదు. తప్పు వాళ్లది కాదు. శవంలో స్వరతంత్రులు (స్వరపేటిక లోపల కంపించి ధ్వని పుట్టించే రెండు మడతలు) పూర్తిగా తెరుచుకొని ఉండవు, మూసుకొనీ ఉండవు, నడుమ ఎక్కడో ఆగిపోయి ఉంటాయి. పేర్లు నేర్చుకోవడానికి అది చాలు. కదలిక నేర్చుకోవాలంటే బతికున్న గొంతు కావాలి. అది మీ మెడ మీదే ఉంది కాబట్టి అక్కడే మొదలుపెడదాం. వైద్య విద్యార్థులకే కాదు, పాడేవారికి, పాఠాలు చెప్పేవారికి, ఊరికే కుతూహలం ఉన్నవారికి కూడా ఈ పద్ధతి పనికొస్తుంది.

ఒక చేతి అద్దం, పాత నోటుపుస్తకపు దళసరి అట్టలు రెండు, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు ముక్కలు రెండు, రెండు రబ్బరు బ్యాండ్లు, కత్తెర, టేపు, నాలుగైదు గుండుసూదులు దగ్గర పెట్టుకోండి. గంటన్నర తీరిక కూడా ఉండాలి.

మెడ మీద వేలి నడక

ఒక జాగ్రత్త ముందే చెబుతాను. వేలు మెడకు నడిమధ్య గీత మీదే నడవాలి. పక్కల నాడి కొట్టుకునే చోట నొక్కకూడదు, రెండు వైపులా ఒకేసారి అసలే నొక్కకూడదు. పండిన పండును పరీక్షించేటప్పుడు ఎంత మెత్తగా తాకుతామో అంతే ఒత్తిడి చాలు.

గడ్డం కింద నుంచి వేలును వెనక్కి జరపండి. గడ్డం అడుగు భాగం మెడతో కలిసే మూలలో గట్టిగా ఒకటి తగులుతుంది. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఒక పక్క పెట్టి పట్టుకుంటే గుర్రపు నాడా ఆకారం తెలుస్తుంది. అది హయాయిడ్ ఎముక. శరీరంలో మరే ఎముకతోనూ దానికి కీలు లేదు. కండరాల మధ్య ఊయలలో ఉన్నట్టు వేలాడుతూ ఉంటుంది, స్వరపేటికేమో దాని నుంచి వేలాడుతుంది.

ఇంకాస్త కిందికి దిగితే ఒక మెత్తటి పొర, దాని తర్వాత V ఆకారపు నొక్కు. అక్కడి నుంచి థైరాయిడ్ మృదులాస్థి (ఎముక కంటే మెత్తనిది, కాస్త వంగేది) మొదలవుతుంది. నొక్కుకు దిగువనే ముందుకు పొడుచుకొచ్చిన ముడి ఉంటుంది. మగవారిలో ఆ మృదులాస్థి రెండు రెక్కలు దాదాపు 90 డిగ్రీల కోణంలో కలుస్తాయి, అందుకే ముడి బయటికి కనిపిస్తుంది. ఆడవారిలో ఆ కోణం 120 డిగ్రీల దాకా విశాలంగా ఉంటుంది. ముడి ఉండదని కాదు, పొడుచుకురాదు. చాలామంది దీన్నే థైరాయిడ్ గ్రంథి అనుకుంటారు. గ్రంథి ఇంకా కిందిది, మెత్తనిది. దాని నడిమి భాగం వాయునాళం మీద, రెండో ఉంగరం నుంచి నాలుగో ఉంగరం దాకా పరుచుకొని ఉంటుంది. 'థైరాయిడ్' అనే గ్రీకు మాటకు డాలు వంటిది అని అర్థం. మృదులాస్థికి ఆ పేరు నప్పింది. గ్రంథికి పక్కింటి పేరు అంటుకుంది.

ముడి మీద నుంచి వేలును నిదానంగా కిందికి జార్చండి. చిటికెన వేలి కొన పట్టేంత పల్లం ఒకటి తగులుతుంది. ఇక్కడ ఆగండి. ఈ పల్లం ఎక్కడుందో వేలికి బాగా గుర్తుండాలి, దీనితో తర్వాత పని ఉంది. పై దారి పూర్తిగా మూసుకుపోయి మరో ఉపాయం లేనప్పుడు వైద్యులు గాలికి దారి చేసేది ఈ పల్లంలోనే. దాని దిగువన గట్టిగా అడ్డంగా తగిలేది క్రికాయిడ్ మృదులాస్థి. వాయునాళంలోని ఉంగరాలన్నీ వెనుక తెరిచి ఉంటే, గాలి దారి మొత్తంలో చుట్టూ పూర్తిగా మూసుకున్న ఉంగరం ఇదొక్కటే.

ఇప్పుడు అద్దంలో మెడను చూస్తూ, వేలిని ముడి మీదే ఉంచి గుటక వేయండి. మొత్తం కట్టడం పైకి లేచి మళ్లీ దిగుతుంది. వేలి కింద నుంచి ముడి జారిపోయిందంటే మీరు సరైన చోటే ఉన్నారు. సందేహం ఉంటే థైరాయిడ్ మృదులాస్థిని రెండు వేళ్లతో పట్టి కుడి ఎడమలకు కొద్దిగా కదపండి. లోపల కటకటమన్నట్టు తెలుస్తుంది. వెన్నెముక ముందు భాగానికి రాసుకోవడం వల్ల వచ్చే చప్పుడు అది. మామూలే. ఏటా ఈ చప్పుడు విని తన గొంతు విరిగిందని కంగారుపడే విద్యార్థి ఒకరైనా ఉండేవారు.

అట్టతో ఒక పెట్టె

వేలికి అందేది ముందు గోడ మాత్రమే. అసలు పని వెనుక గోడ మీద జరుగుతుంది. దాని కోసం అట్ట కావాలి. నిజం స్వరపేటికకు సుమారు మూడు రెట్ల కొలతలో చేద్దాం.

ముందు క్రికాయిడ్. 30 సెంటీమీటర్ల పొడవు అట్ట పట్టీ కత్తిరించండి. నడుమ 7 సెంటీమీటర్ల ఎత్తు, రెండు కొసల దగ్గర 2 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా వాలుగా కోసి, కొసలు కలిపి ఉంగరంలా అతికించండి. అతుకు ముందు వైపు, ఎత్తు భాగం వెనుక వైపు. రాయిని అరచేతి వైపు తిప్పి పెట్టుకున్న ఉంగరం లాగా ఉందా? సరిగ్గా వచ్చినట్టే. ఎత్తు భాగం పై అంచును కుడి ఎడమలకు భుజాల్లా వాలేటట్టు కత్తిరించడం మరచిపోకండి.

ఇక థైరాయిడ్. రెండో అట్టను నిలువుగా మధ్యకు మడవండి. సగం తెరిచిన పుస్తకం అనుకోండి, దాని వీపు మన ముందు వైపుకు ఉంటుంది. దాని కింది వెనుక మూలల్లో రెండు గుండుసూదులు గుచ్చి ఉంగరం పక్కలకు బిగించండి. ఈ రెండు సూదులే మొదటి కీలు. పుస్తకాన్ని ముందుకు వంచితే వంగాలి, వదిలితే వెనక్కి రావాలి.

ఇప్పుడు కథానాయకులు. రబ్బరు ముక్కలను మూడు మూలల పిరమిడ్లలా కోసి, ఉంగరం వెనుక భుజాల మీద ఒక్కొక్కటి చొప్పున సూదితో గుచ్చండి. ఒక మూల ముందుకు, ఒక మూల బయటి పక్కకు చూడాలి. ఇవి అరిటినాయిడ్ మృదులాస్థులు. ముందు మూలకు స్వరతంత్రి కట్టి ఉంటుంది, బయటి మూలకు కండరాలు తగులుకొని ఉంటాయి. చివరగా రబ్బరు బ్యాండ్లను తెంచి తాళ్లలా చేసి, పుస్తకం లోపలి మడత మధ్య నుంచి ఒక్కో రబ్బరు ముక్క ముందు మూలకు కాస్త బిగువుగా కట్టండి. పై నుంచి చూస్తే V కనిపిస్తుంది. కొన ముందుకు, నోరు వెనక్కి.

స్వరపేటికలో మృదులాస్థులు మొత్తం తొమ్మిది. మూడు ఒంటివి, మూడు జంటలు. మన పెట్టెలో నాలుగే ఉన్నాయి. గుటక వేసేటప్పుడు మూతలా వాలే ఉపజిహ్విక గురించి తర్వాత చెబుతాను. మిగిలిన రెండు జంటలు అరిటినాయిడ్ల పైన, పక్కన ఉండే గింజలంత ముక్కలు. కదలిక కథలో వాటికి పెద్ద పాత్ర లేదు.

ఇక ఆడించండి. రబ్బరు ముక్క బయటి మూలను వేలితో వెనక్కి లాగండి. ముందు మూల బయటికి తిరిగి V విచ్చుకుంటుంది. అదే బయటి మూలను ముందుకు లాగండి. ముందు మూలలు దగ్గరకొచ్చి తాళ్లు కలుస్తాయి, కానీ వెనుక చిన్న త్రికోణం సందు మిగిలిపోతుంది. ఇప్పుడు రెండు రబ్బరు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించండి. ఆ సందూ మూసుకుంది. చివరగా పుస్తకాన్ని ముందుకు వంచండి, తాళ్లు సాగుతాయి.

నిజానికి స్వరపేటిక కదలిక అంతా ఈ నాలుగే. పుస్తకంలోని కండరాల పేర్లన్నీ ఈ నాలుగు కదలికలకు తగిలించిన చీటీలు. పేరు ముందు నేర్చుకొని కదలిక కోసం వెతికితే నాలాగే పళ్లెం వైపు చూస్తూ నిలబడాల్సి వస్తుంది.

ఒక్క దిద్దుబాటు. మన సూది మీద రబ్బరు ముక్క బొంగరంలా తిరుగుతోంది. చాలా పాఠ్యపుస్తకాల బొమ్మల్లోనూ అలాగే గీస్తారు. నిజంలో అరిటినాయిడ్ అంత చక్కగా తిరగదు. వాలుగా ఉన్న క్రికాయిడ్ భుజం మీద ఊగుతూ, కొంచెం జారుతూ కదులుతుంది. తెరుచుకునేటప్పుడు ముందు మూల బయటికే కాదు, కాస్త పైకి కూడా లేస్తుంది. భుజాలను వాలుగా కత్తిరించమన్నది అందుకే.

శబ్దంతో కండరాలను పిలవడం

అట్టపెట్టెను ఎదురుగా పెట్టుకొని గొంతుతో పని మొదలుపెట్టండి.

ఏదో వాసన పసిగడుతున్నట్టు ముక్కుతో ఒక్కసారి చురుగ్గా పీల్చండి. స్వరతంత్రులు చటుక్కున విచ్చుకున్నాయి. బయటి మూలను వెనక్కి లాగిన కండరం పోస్టీరియర్ క్రికో అరిటినాయిడ్. క్రికాయిడ్ వెనుక పలక మీద, ఆహారనాళం వైపు, విసనకర్ర ఆకారంలో పరుచుకొని ఉంటుంది. స్వరపేటిక లోపలి కండరాల్లో దారిని తెరిచేది ఇదొక్కటే. మిగిలినవన్నీ మూసేవో బిగించేవో వదులు చేసేవో. నా పరీక్షాధికారి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. నాకు అది నాలుగు నెలలు ఆలస్యంగా దొరికింది.

ఇప్పుడు నోరు తెరిచే ఉంచి ఊపిరి బిగబట్టండి. పెదవులు మూయలేదు, ముక్కు మూయలేదు, అయినా గాలి కదలడం లేదు. తలుపు గొంతులో పడింది. బరువు ఎత్తేటప్పుడు, దగ్గు వచ్చే ముందు జరిగేదీ ఇదే. మాట్లాడటం స్వరపేటికకు తర్వాత వచ్చిన ఉద్యోగం. దాని మొదటి ఉద్యోగం ద్వారపాలన. మూసే కండరాలు అన్ని ఉండి, తెరిచేది ఒక్కటే ఎందుకుందో దీన్నిబట్టి నాకు అర్థమైంది.

ఊపిరిని మెల్లగా వదిలి "అ...." అని పలకండి. బయటి మూలలను ముందుకు లాగింది లేటరల్ క్రికో అరిటినాయిడ్. రెండు అరిటినాయిడ్లనూ దగ్గరకు చేర్చి వెనుక సందును మూసింది వాటి నడుమ అడ్డంగా ఉండే కండరం, ట్రాన్స్‌వర్స్ అరిటినాయిడ్. జంట లేని కండరం ఇదొక్కటే. ఇప్పుడు అదే "అ...." ను గుసగుసగా పలకండి. ముందు భాగం దగ్గరకొచ్చినా వెనుక త్రికోణం తెరిచే ఉంది. గాలి అందులోంచి బుస్సుమని పోతోంది. అట్టపెట్టెలో రెండో కదలిక తర్వాత మిగిలిన సందు గుర్తుందా? గుసగుసకు దారి అదే.

ఇక ఆ పల్లం దగ్గరకు వెళ్దాం. చూపుడువేలిని క్రికాయిడ్ మీద, మధ్యవేలిని థైరాయిడ్ కింది అంచు మీద పెట్టండి. "ఊ...." అని కింది స్థాయిలో మొదలుపెట్టి, జారుడుబల్ల ఎక్కుతున్నట్టు ఆగకుండా పై స్థాయికి తీసుకువెళ్లండి. పైకి వెళ్లే కొద్దీ వేళ్ల మధ్య సందు ఇరుకవుతుంది. క్రికాయిడ్, థైరాయిడ్‌ల ముందు అంచులను దగ్గరకు లాగేది క్రికోథైరాయిడ్ కండరం. ముందు దగ్గరైతే వెనుక దూరం పెరుగుతుంది, తాళ్లు సాగుతాయి. మొదటిసారి చాలామంది పొరబడే చోటు ఇది. అలవాటు లేని గొంతులో శ్రుతి పెరిగేటప్పుడు స్వరపేటిక మొత్తం పైకి లేస్తుంది, దాన్నే సందు మూసుకోవడం అనుకుంటారు. రెండు వేళ్లు వాడమన్నది అందుకే. రెండూ కలిసి లేస్తే అది వేరు, రెండూ ఒకదానికొకటి దగ్గరైతే ఇది.

తెలివైన విద్యార్థులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. తీగ పొడవు పెరిగితే శ్రుతి తగ్గాలి కదా? తీగ బిగువు మారకపోతే తగ్గాలి. స్వరతంత్రి సాగినప్పుడు పొడవుతో పాటు బిగువు అంతకంటే బాగా పెరుగుతుంది, అంచు పలచనవుతుంది. ఆ రెండూ పొడవును ఓడిస్తాయి. స్వరతంత్రి లోపలే ఉండే థైరోఅరిటినాయిడ్ కండరం దీనికి ఎదురు పక్షం. అది ముడుచుకుంటే తంత్రి పొట్టిగా, లావుగా అవుతుంది.

కంపించమని ఎవరు చెప్పారు?

ఇంతవరకు చెప్పింది తలుపు కదలిక. తలుపు దగ్గరకు వేసి ఉన్నప్పుడు దాని అంచుల్లో పుట్టే కంపనం వేరే సంగతి. ఈ రెంటినీ కలగలిపేయడమే అన్నిటికన్నా పెద్ద గందరగోళం.

పసిపిల్లలు మోటారుబండి ఆట ఆడేటప్పుడు చేసినట్టు పెదవులు వదులుగా మూసి "బ్‌ర్‌ర్‌ర్" మనండి. పెదవులను ఒక్కొక్కసారీ తెరవమని, మూయమని మీరు ఆజ్ఞ ఇచ్చారా? లేదు. దగ్గరగా ఉంచి గాలి ఊదారు. మిగిలింది గాలి ఒత్తిడి, పెదవుల సాగుడుగుణం చూసుకున్నాయి. గొంతులోనూ అంతే. కింది నుంచి వచ్చే గాలి తంత్రుల కింది అంచులను ముందు తెరుస్తుంది, తర్వాత పై అంచులు తెరుచుకుంటాయి. మూసుకునేటప్పుడు కూడా కింది అంచులే ముందు. అలలాగా కింది నుంచి పైకి పాకే ఈ కదలిక వయోజనులైన మగవారి మామూలు మాటలో సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవారిలో 200 సార్లకు పైగా, పసిపాప ఏడుపులో 400 నుంచి 500 సార్లు జరుగుతుంది. తంత్రుల పొడవు చూస్తే మగవారిలో సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, ఆడవారిలో 12 నుంచి 17. ఇంత గొడవకూ కారణం గోరంత వస్తువు.

1950లో హుస్సోన్ అనే ఫ్రెంచి పరిశోధకుడు ప్రతి కంపనానికీ మెదడు నుంచి విడిగా ఒక నాడీ సంకేతం వస్తుందని వాదించాడు. 1958లో డచ్ పరిశోధకుడు వాన్ డెన్ బెర్గ్ గాలి, సాగుడుగుణం కలిసి చేసే పని ఇదని వివరించాక ఆ వాదం నిలవలేదు. నిజానికి 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ శవం నుంచి తీసిన స్వరపేటికలోకి గాలి ఊది ధ్వని పుట్టించాడు. ఇది తెలిసిన రోజు నాకు పరీక్షనాటి పళ్లెం గుర్తొచ్చింది. అందులోని ముక్కను సరిగ్గా పట్టి గాలి ఊది ఉంటే అది పలికేది. తనంతట తాను విచ్చుకోవడం మాత్రం దాని వల్ల అయ్యేది కాదు.

కంపించేది కండరం కాదు, దాని మీది తొడుగు. ఎడమ అరచేతిని బోర్లించి, వెనుక చర్మాన్ని కుడి వేలితో అటూ ఇటూ జరపండి. కింద నరాలు, ఎముకలు కదలవు, పైన చర్మం జారుతుంది. స్వరతంత్రి పై పొర కూడా కింది కండరం మీద అలాగే వదులుగా కూర్చొని ఉంటుంది. మధ్యలో జెల్లీలాంటి పలచని పొర ఉంటుంది. ఈ తొడుగు, లోపలి దేహం అనే విభజనను 1974లో జపాన్ వైద్యుడు మినోరు హిరానో స్పష్టంగా చెప్పాడు. జలుబు చేసి తొడుగు వాచినప్పుడు గొంతు బొంగురుపోవడం, అల సాఫీగా పాకలేకపోవడం వల్లనే.

మనకు అచ్చంగా పనికొచ్చే పరీక్ష ఒకటుంది. వేళ్లు ముడి మీద ఉంచి "స్‌స్‌స్" అనండి. నిశ్శబ్దం. "మ్‌మ్‌మ్" అనండి. తుమ్మెద దూరినట్టు కంపనం. ఇప్పుడు క, గ తేడా చూడాలంటే ఊరికే "క" అనకండి, అందులోని అకారం కంపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. "అక్క", "అగ్గి" అని ఒత్తి నిదానంగా పలకండి. మొదటి మాటలో ఒత్తు దగ్గర కంపనం ఆగి మళ్లీ మొదలవుతుంది. రెండో దానిలో ఆగదు. మన వ్యాకరణం పరుషాలు అన్న క చ ట త ప లన్నీ తంత్రులు కంపించనివి, సరళాలు అన్న గ జ డ ద బ లన్నీ కంపించేవి. బడిలో సరళాదేశ సంధి నేర్చుకున్నాం కదా: పూచెను, కలువలు కలిస్తే పూచెను గలువలు. ముందున్న నకారానికి ఎలాగూ మోగుతున్న తంత్రులను మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టే శ్రమ ఎందుకని గొంతు వాటిని అలాగే మోగనిచ్చింది. సూత్రాన్ని కంఠస్థం చేయమన్న మా తెలుగు మాస్టారు కంఠం మీద చెయ్యి పెట్టుకోమని చెప్పి ఉంటే రెండు పాఠాలు ఒకేసారి అయిపోయేవి.

కళ్లతో చూడాలంటే

1854లో మాన్యుయెల్ గార్సియా అనే గాత్ర గురువు పళ్ల వైద్యుల అద్దాన్ని గొంతు వెనుక పెట్టుకొని, మరో అద్దంతో సూర్యకాంతిని లోపలికి మళ్లించి తన స్వరతంత్రులను తానే చూశాడు. మరుసటి ఏడాది లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి నివేదించాడు. మీరు ఇంట్లో ఆ ప్రయత్నం చేయకండి, ఓకరింత తప్ప ఏమీ మిగలదు.

నేను నా తంత్రులను చూసింది అనారోగ్యం పుణ్యాన. ఒక ఏడాది పరీక్షల ముందు రోజుకు నాలుగు తరగతులు, పైన గడగడలాడే ఫ్యాన్లు, వాటిని మించి అరవడం. గొంతు పోయింది. విశ్రాంతి ఇస్తున్నానని వారం రోజులు గుసగుసగా పాఠం చెప్పాను. చెవి ముక్కు గొంతు వైద్యురాలు ముక్కు ద్వారా సన్నని కెమెరా పంపి, "గట్టిగా గుసగుసలాడటం విశ్రాంతి ఎలా అవుతుంది మేడమ్, మీరు చెప్పిన పాఠమే కదా" అన్నారు. తెర మీద చూస్తే పైన గులాబీ రంగులో రెండు మడతలు ఉన్నాయి. వాటిని మిథ్యా స్వరతంత్రులంటారు. నేను గుసగుసలాడగానే అవి కూడా లోపలికి నొక్కుకొచ్చాయి. వాటి దిగువన, తెల్లగా ఉండాల్సిన అసలు తంత్రులు ఎర్రబడి ఉబ్బి ఉన్నాయి. ఇలాంటి దృశ్యం ఎప్పుడైనా చూస్తే ముందు V కొన ఎక్కడుందో వెతకండి, అదే ముందు వైపు. కుడి ఎడమలు ఆ తర్వాత. ఆమె స్ట్రోబోస్కోప్ దీపం (వేగంగా వెలిగి ఆరుతూ ఉండేది) వెలిగించాక ఆ వేగమంతా నిదానించినట్టయి, అల పాకడం కళ్లారా కనిపించింది. నాకు నవ్వొచ్చింది. నవ్వగానే తంత్రులు టపటపా కొట్టుకున్నాయి, అది చూసి ఇంకా నవ్వొచ్చింది.

నరం తెగితే

క్రికోథైరాయిడ్ తప్ప లోపలి కండరాలన్నిటికీ ఆజ్ఞ తెచ్చేది రికరెంట్ లారింజియల్ నరం. పేరుకు తగ్గట్టే అది గొంతు దాటి కిందికి పోయి వెనక్కి తిరిగి వస్తుంది. కుడిది కాలరు ఎముక కింది సబ్‌క్లేవియన్ ధమనిని చుట్టి వస్తే, ఎడమది ఏకంగా ఛాతీలోకి దిగి గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపు కింద నుంచి తిరిగి వస్తుంది. అందుకే ఛాతీలో గడ్డ పెరిగినా గొంతు బొంగురుపోవచ్చు, థైరాయిడ్ శస్త్రచికిత్స చేసేవారు ఈ నరాన్ని కంటిపాపలా చూసుకుంటారు. రెండో శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు, అరుస్తున్న పంది మెడలో ఈ నరాలను కట్టేసి, దాని అరుపు ఆగిపోవడం అందరికీ చూపించాడు.

అట్టపెట్టెతో పరీక్షించండి. ఒక రబ్బరు ముక్కను కదలకుండా పట్టుకొని రెండో దానితో మాత్రమే V మూయడానికి చూడండి. సందు మిగులుతుంది. ఒక వైపు నరం దెబ్బతిన్న మనిషి మాటలో గాలి ఎక్కువ, బలం తక్కువ. ఇప్పుడు రెండింటినీ నడిమి గీతకు దగ్గరగా పట్టుకొని ఉంచేయండి. తాళ్లు దగ్గరగానే ఉన్నాయి కాబట్టి మాట దాదాపు మామూలుగా రావచ్చు. కానీ తెరిచే ఏకైక కండరం రెండు వైపులా పడిపోయింది, ఊపిరి ఆడదు. మాట బాగుందని మోసపోవడానికి వీల్లేని అత్యవసర స్థితి అది. గాలి పీల్చేటప్పుడు గొంతులో కూత వినిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఊరికే బొంగురుపోయిన గొంతైనా మూడు వారాలు దాటితే స్వరతంత్రులను చూపించుకోవాలి.

ఉపజిహ్విక బాకీ ఉంది. నోరు తెరిస్తే వెనుక వేలాడేది కొండనాలుక. నాలుక మొదలు వెనుక, చూపుకు అందని చోట ఆకులా నిలబడేది ఉపజిహ్విక. ఈ రెంటినీ తారుమారు చేసిన జవాబుపత్రాలు లెక్కలేనన్ని దిద్దాను. గుటక వేసినప్పుడు స్వరపేటిక పైకి లేచి నాలుక కిందికి దూరుతుంది, ఉపజిహ్విక వెనక్కి వాలుతుంది. కానీ మూత అదొక్కటే అనుకోకండి. దాని కింద మిథ్యా తంత్రులు, వాటి కింద అసలు తంత్రులు కూడా మూసుకుంటాయి. మూడంతస్తుల కాపలా. నవ్వుతూనో మాట్లాడుతూనో మింగితే ఈ మూడూ ఒక్క క్షణం వెనుకబడతాయి, పొలమారుతుంది.

రేపు ఉదయం పుస్తకం తెరవకుండా ఒకసారి చేసి చూడండి. వాసన పీల్చండి, ఊపిరి బిగబట్టండి, గుసగుసలాడండి, "ఊ...." ను పైకి ఎక్కించండి, గుటక వేయండి. ప్రతిదాని దగ్గరా ఆగి ఏ మూల ఎటు కదిలిందో పైకి చెప్పండి. పేరు గుర్తుకు రాకపోతే ఫరవాలేదు, వేలితో చూపించండి. అట్టపెట్టెను దాచుకునే ముందు రబ్బరు బ్యాండ్లు విప్పేయండి, బిగించి ఉంచితే నాలుగు రోజుల్లో పుస్తకం ముడుచుకుపోతుంది.